బైపాస్‌కు ముందే కంటికి లేజర్ చేయించాలా? హెపారిన్ వల్ల కంట్లో రక్తం కారుతుందా?

ప్రశ్న: పెద్దమ్మాయి

మా నాన్నగారి వయసు 63 ఏళ్లు. 19 ఏళ్లుగా షుగరు ఉంది. ఈమధ్య నాలుగు మెట్లు ఎక్కినా ఛాతీ పట్టేసినట్టు ఉంటోందని చెబితే యాంజియోగ్రామ్ చేయించాము. మూడు రక్తనాళాల్లోనూ పూడికలు ఉన్నాయని, ఎడమ ప్రధాన ధమని మాత్రం బాగానే ఉందని, గుండె పంపింగ్ 45 శాతమని తేలింది. ఇప్పటివరకు గుండెపోటు రాలేదు. బైపాస్ చేయించుకోవడం మంచిదని, రేపో మాపో అనేంత తొందర లేకపోయినా మూడు నాలుగు వారాలు దాటనివ్వవద్దని సర్జన్‌గారు చెప్పారు.

అదే వారంలో కంటి పరీక్ష కూడా జరిగింది. నాన్నగారు కొన్ని నెలలుగా కుడికంటితో పేపరు చదవలేకపోతున్నారు. అద్దాలు మార్చాలేమో అనుకున్నాము. తీరా చూస్తే కుడికంటి రెటీనా మీద కొత్త రక్తనాళాలు మొలిచాయని, రెటీనా నడుమ చదవడానికి పనికొచ్చే భాగమైన మాక్యులాలో నీరు చేరి వాచిందని రెటీనా డాక్టరుగారు చెప్పారు. కుడికంటి చూపు 6/18, ఎడమకంటి చూపు 6/9. ఎడమకంట్లో కొత్త నాళాలు ఇంకా రాలేదు గాని, ఆ దశకు దగ్గరగా ఉందట. రెండు కళ్లలోనూ కొద్దిగా శుక్లం ఉంది. కుడికంటికి ఇంజక్షన్లు, లేజర్ (రెటీనాను కాంతితో అక్కడక్కడా కాల్చే చికిత్స) రెండూ అవసరమన్నారు. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 9.4 శాతం ఉంది.

కంటివాళ్లు ఒప్పుకుంటే తమకు అభ్యంతరం లేదని గుండె డాక్టరుగారు అంటున్నారు. గుండెవాళ్లు ఒప్పుకుంటే తమకు అభ్యంతరం లేదని కంటి డాక్టరుగారు అంటున్నారు. ఇద్దరూ మంచివారే, కాని ఏది ముందు, ఏది తర్వాత అన్నది చివరికి మా చేతుల్లోనే మిగిలిపోయింది. బైపాస్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కువ మోతాదులో ఇస్తారని తెలిసింది. కంట్లో అంత పల్చటి నాళాలు ఉన్నప్పుడు అవి చిట్లి చూపు పోదా? కంట్లో వేసే ఇంజక్షన్ గుండెకు చెడు చేస్తుందని బంధువులు భయపెడుతున్నారు, అందులో నిజమెంత? ఆస్పిరిన్ ఆపాలా? శుక్లం ఆపరేషన్ కూడా ఇప్పుడే చేయించేస్తే ఒక పని అయిపోతుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: రెటీనావార్డు

అమ్మా, మీరు వివరాలు చక్కగా రాశారు. నేను రెటీనా వైద్యుణ్ణి. కన్ను చూడకుండా చికిత్స నిర్ణయించకూడదు కనుక, నేను రాసేది మీ డాక్టర్ల దగ్గర కూర్చున్నప్పుడు అడగవలసిన విషయాలుగా తీసుకోండి.

ముందుగా హెపారిన్ గురించి. కొత్తగా మొలిచిన నాళాలు పల్చటి గోడలతో, రెటీనా మీది నుంచి విట్రియస్ అనే జెల్లీని పట్టుకుని పాకుతాయి. ఆ జెల్లీ క్రమంగా ముడుచుకుంటూ వాటిని లాగుతుంది. ఆ లాగుడుకు నాళం చిట్లినప్పుడు కంట్లో రక్తం నిండుతుంది. అంటే రక్తస్రావాన్ని మొదలుపెట్టేది లాగుడే గాని, రక్తం పల్చబడటం కాదు. ఇది ఊహ కాదు, పెద్ద అధ్యయనాల్లో పరీక్షకు నిలిచిన మాట. అమెరికాలో 3711 మంది షుగరు రోగులతో జరిగిన ఈటీడీఆర్ఎస్ అధ్యయనంలో సగం మందికి రోజుకు 650 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. గుండె కోసం ఇప్పుడు సాధారణంగా వాడే 75 మిల్లీగ్రాములకు అది ఎనిమిది రెట్ల కన్నా ఎక్కువ. అయినా విట్రియస్‌లో రక్తస్రావం పెరగలేదు, రెటీనా జబ్బు ముదరలేదు, తగ్గనూ లేదు. ఆ ఫలితాలు 1991లో వచ్చాయి. అంతకన్నా కఠినమైన పరీక్ష గుండెపోటుకు గడ్డ కరిగించే మందులిచ్చిన గస్టో అధ్యయనం. అందులో షుగరు ఉన్న 6011 మందికి ఆ మందులు, వాటితోపాటు హెపారిన్ అందాయి. వారిలో ఒక్కరికి కూడా కంటి లోపల రక్తస్రావం జరిగినట్టు నిర్ధారణ కాలేదు. బైపాస్‌లో ఇచ్చే హెపారిన్ ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది, పని ముగియగానే ప్రోటమిన్ అనే మందుతో దాన్ని విరిచేస్తారు. కనుక కంట్లో కొత్త నాళాలు ఉన్నాయన్న ఒక్క కారణంతో బైపాస్‌ను వాయిదా వేయకూడదు. ప్రమాదం అసలే లేదని నేను అనడం లేదు. ఆపరేషన్ జరిగినా జరగకపోయినా ఆ నాళాలు ఏదో ఒకరోజు చిట్లవచ్చు, అందుకే వాటికి చికిత్స కావాలి.

ఇక ఇంజక్షన్ గురించి. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ అనే ఈ మందులు వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. కొత్త నాళాలను మొలిపించేదీ, నాళాల నుంచి నీరు కారేలా చేసేదీ ఆ పదార్థమే. అదే పదార్థం గుండెలోనూ, గాయం మానడంలోనూ పనిచేస్తుంది కనుక మీ బంధువుల భయానికి మూలం లేకపోలేదు. అయితే మోతాదు చూడండి. క్యాన్సర్‌కు బెవాసిజుమాబ్‌ను కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున రక్తంలోకి ఇస్తారు, 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు అవుతుంది. కంట్లోకి వేసేది 1.25 మిల్లీగ్రాములు మాత్రమే. అందులోంచి కొంత రక్తంలోకి చేరుతుంది, రానిబిజుమాబ్ త్వరగా పోతుంది, బెవాసిజుమాబ్ మరికొన్ని రోజులు నిలుస్తుంది. గాయం మానడం కోసం క్యాన్సర్ వైద్యంలో ఆపరేషన్‌కు, ఈ మందుకు మధ్య పాటించే నెలరోజుల విరామాన్ని ఉన్నదున్నట్టుగా కంటి ఇంజక్షన్‌కు వర్తింపజేయడానికి ఆధారం లేదు. కాని గుండెపోటు గాని, పక్షవాతం గాని వచ్చిన కొత్తలో ఉన్నవారిని ఈ మందుల అధ్యయనాల్లో చాలావరకు చేర్చుకోలేదు కనుక, అలాంటివారి విషయంలో మేము ఆగి ఆలోచిస్తాము. మీ నాన్నగారికి గుండెపోటు రాలేదని రాశారు, అది ఊరట కలిగించే విషయం.

మందుల్లో ఏది అన్నదానికి కూడా ఆధారం ఉంది. మాక్యులా వాపు మీద 660 మందితో అఫ్లిబెర్సెప్ట్, బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్‌లను పోల్చిన అధ్యయనం 2015లో వచ్చింది. మొదట్లో చూపు ఓ మోస్తరుగా బాగున్నవారిలో మూడింటికీ తేడా కనిపించలేదు. చూపు 6/15 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారిలో మాత్రం ఏడాది చివరికి అఫ్లిబెర్సెప్ట్ వాడినవారు చార్టు మీద సగటున 18.9 అక్షరాలు ఎక్కువ చదవగలిగారు, రానిబిజుమాబ్‌తో 14.2, బెవాసిజుమాబ్‌తో 11.8. రెండో ఏడాదికి ఈ తేడా చాలావరకు తగ్గింది. మీ నాన్నగారి కుడికన్ను ఈ రెండో గుంపులోకే వస్తుంది. అదే అధ్యయనంలో రెండేళ్లలో గుండెపోటు, పక్షవాతం, రక్తనాళాల కారణంగా మరణం కలిపి చూస్తే అఫ్లిబెర్సెప్ట్ గుంపులో 5 శాతం, బెవాసిజుమాబ్ గుంపులో 8 శాతం, రానిబిజుమాబ్ గుంపులో 12 శాతం నమోదయ్యాయి. ఆ అధ్యయనాన్ని గుండె సంగతి తేల్చడానికి రూపొందించలేదు, కనుక ఈ అంకెల మీద గట్టి తీర్పు నిలబడదు. అయినా గుండె జబ్బు ఉన్న రోగి ముందు కూర్చున్నప్పుడు వాటిని నేను మరిచిపోను.

నా అభిప్రాయంలో అసలు విషయం ఇది. ఇంజక్షన్ ప్రభావం నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతుంది. బైపాస్ తర్వాత మనిషి ఇల్లు దాటలేని రోజులు సరిగ్గా అవే. కొత్త నాళాలకు లేజర్, రానిబిజుమాబ్ రెండూ దాదాపు సమానంగా పనిచేస్తాయని 394 కళ్ల మీద జరిగిన అధ్యయనం 2015లో చూపింది. కాని అది రోగులు క్రమం తప్పకుండా వచ్చిన అధ్యయనం. ఇంజక్షన్ల మీదే ఆధారపడి మధ్యలో నెలల తరబడి రాలేకపోయినవారి కళ్లు, లేజర్ చేయించుకుని రాలేకపోయినవారి కళ్ల కన్నా ఎక్కువగా దెబ్బతిన్నట్టు తర్వాతి పరిశీలనల్లో కనిపించింది. లేజర్ ఒకసారి పడితే దాని ఫలితం నిలిచి ఉంటుంది. అందుచేత గుండె నిలకడగా ఉండి రెండు మూడు వారాల వ్యవధి దొరికినప్పుడు, ఆ వ్యవధిలో కుడికంటికి లేజర్ పూర్తి చేయమని నేను గట్టిగా చెబుతాను. ఒకే రోజు మొత్తం కాల్చితే మాక్యులా వాపు పెరగవచ్చు కనుక వారం వ్యవధితో రెండు విడతలుగా చేసి, మొదటి విడతతోపాటే ఒక ఇంజక్షన్ వేస్తే వాపు అదుపులో ఉంటుంది. ఎడమకన్ను కూడా కొత్త నాళాల దశకు దగ్గరగా ఉందన్నారు. టైప్ 2 షుగరులో, అందులోనూ తర్వాత రాకపోకలు కష్టమయ్యే మనిషికి, ఆ కంటికి కూడా ముందే లేజర్ చేయడం గురించి అడగండి.

ఒక జాగ్రత్త. కుడికంట్లో నాళాలతోపాటు తెల్లటి పొరలు ఏర్పడి రెటీనాను లాగుతున్నాయేమో స్కాన్‌లో చూడమనండి. అలాంటి పొరలున్న కంట్లో ఇంజక్షన్ వేస్తే నాళాలు ఎండి, పొర ముడుచుకుని, రెటీనా ఊడిపోయే అవకాశం ఉంది. బెవాసిజుమాబ్ వేసిన 211 కళ్లను పరిశీలించినప్పుడు 11 కళ్లలో అలా జరిగింది, అదీ సగటున 13 రోజులకు. మీ నాన్నగారు ఐసీయూలో ఉండే రోజుల్లో అది జరగకూడదు. పొరలు ఉంటే ఇంజక్షన్ ఎప్పుడు వేయాలో, అసలు వేయాలో వద్దో డాక్టరుగారే తేల్చాలి.

ఆస్పిరిన్‌ను కంటి కోసం ఆపకండి. లేజర్‌కు గాని, ఇంజక్షన్‌కు గాని అది అడ్డం కాదు. శుక్లం ఇప్పుడు వద్దు. వాపు ఉన్న మాక్యులాతో శుక్లం తీస్తే వాపు ఇంకా పెరగవచ్చు, పైగా కొద్దిపాటి శుక్లం వల్ల ఇప్పుడు పెద్దగా నష్టం లేదు. కనుపాప విప్పడానికి 10 శాతం ఫినైలెఫ్రిన్ చుక్కలు మాత్రం వాడవద్దని చెప్పండి. ఆ మందు ముక్కు లోపలి పొర ద్వారా రక్తంలో కలిసి బీపీని ఒక్కసారిగా పెంచగలదు, గుండె నాళాలు మూసుకుపోయిన మనిషికి అది మంచిది కాదు. ట్రోపికామైడ్ గాని, 2.5 శాతం ఫినైలెఫ్రిన్ గాని సరిపోతుంది. చుక్క వేశాక కంటి లోపలి మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచితే మందు రక్తంలోకి పోవడం తగ్గుతుంది.

జవాబు: పంపుపక్కన

గుండె ఆపరేషన్లలో గుండె, ఊపిరితిత్తుల పనిని చేసే యంత్రాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టుని. పైన డాక్టరుగారు కంటి వైపు నుంచి చెప్పారు, నేను పంపు వైపు నుంచి చెబుతాను.

కిలో బరువుకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇచ్చి, రక్తం గడ్డకట్టే సమయం సాధారణంగా 480 సెకన్లు దాటాకే యంత్రం మొదలుపెడతాము. మీకు భయం కలిగించింది అదే. కాని కంటి గురించి మేము నిజంగా జాగ్రత్తపడేది రక్తస్రావానికి కాదు, రక్తం అందకపోవడానికి. యంత్రం గొట్టాల్లో ముందుగా లీటరుకు పైగా సెలైన్ లాంటి ద్రవం నింపుతాము. అది రక్తంలో కలిసి హిమోగ్లోబిన్ తగ్గుతుంది. బీపీ కూడా మామూలు కన్నా తక్కువలో నడుస్తుంది. షుగరు వల్ల కంటి నాళాలు ముందే ఇరుకైపోయిన మనిషికి ఈ రెండూ కలిసినప్పుడు కంటినరానికి ప్రాణవాయువు చాలకపోయే ప్రమాదం ఉంది. ఇది చాలా అరుదు. మేయో క్లినిక్ వైద్యులు 2001లో ప్రచురించిన పరిశీలనలో పంపు మీద ఆపరేషన్ అయిన 27,915 మందిలో 17 మందికి ఇలా కంటినరం దెబ్బతింది. ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ బాగా పడిపోయినవారిలో, శరీరంలో మరెక్కడైనా రక్తనాళాల జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. అరుదే గాని, ఒకసారి జరిగితే పోయిన చూపును తెచ్చే మందు లేదు. అందుకే ఆపరేషన్‌కు ముందు జరిగే సమావేశంలో 'ఈ రోగికి రెటీనా జబ్బు ఉంది' అన్న ఒక్క వాక్యం మా చెవిన పడితే చాలు, బీపీని, హిమోగ్లోబిన్‌ను ఏ స్థాయి కిందికి పోనివ్వకూడదో మత్తు డాక్టరుతో ముందే అనుకుంటాము. ఆ వాక్యం చాలాసార్లు మా దాకా రాదు, కంటి ఫైలు కంటి ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. దయచేసి కంటి రిపోర్టు నకలు గుండె ఫైలులో పెట్టించండి. మెడలోని కెరోటిడ్ ధమనులకు డాప్లర్ స్కాన్ అయిందో లేదో కూడా అడగండి, కంటికి రక్తం వెళ్లేది ఆ దారినే.

మా వృత్తిలో కంటికి ఒక ప్రత్యేక స్థానం ఉందన్న సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. శరీరంలో రక్తనాళాలను కోయకుండా నేరుగా చూడగలిగే అరుదైన చోట్లలో రెటీనా ఒకటి. 1980ల చివర్లో లండన్ వైద్యులు ఆపరేషన్ నడుస్తుండగానే రోగుల రెటీనాను రంగుమందుతో ఫొటోలు తీశారు. అప్పట్లో రక్తంలోకి నేరుగా ప్రాణవాయువు బుడగలు పంపే ఆక్సిజనేటర్లు వాడేవారు. పరీక్షించినవారందరి రెటీనాలోనూ సన్నటి నాళాలు అక్కడక్కడా మూసుకుపోయి కనిపించాయి. పల్చటి పొర గుండా వాయువు మార్పిడి జరిగే ఆక్సిజనేటర్ వాడినవారిని పోల్చి చూస్తే, వారిలో అలాంటి మూసివేతలు సుమారు సగం మందిలోనే కనిపించాయి, అవీ తక్కువగా. మెదడులో జరిగేది చూడలేము కనుక కన్నే దానికి అద్దం అయింది. బుడగల ఆక్సిజనేటర్లు మూలపడటానికి బలమైన కారణాల్లో అది ఒకటి. ఈనాడు మేము వాడేవి పొర ఉన్నవే, రక్తం వెనక్కి వెళ్లే గొట్టానికి ఫిల్టరు కూడా ఉంటుంది. మీ నాన్నగారు ఎక్కబోయేది ఆ పాత యంత్రం కాదు.

ఇంకొక్క మాట. ఒకవేళ కంటికి విట్రెక్టమీ (విట్రియస్ జెల్లీని తీసే ఆపరేషన్) చేసి లోపల గ్యాసు నింపవలసి వస్తే, ఆ గ్యాసు పోయేవరకు నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇవ్వకూడదు. అది గ్యాసు బుడగలోకి చేరి దాన్ని ఉబ్బించి, కంటి ఒత్తిడి పెంచి చూపును పోగొడుతుంది. కొన్ని గ్యాసులు కంట్లో రెండు నెలల దాకా ఉంటాయి.

జవాబు: కొత్తసభ్యుడు

నాకు వైద్యం తెలియదు, సందేహం మాత్రమే. ఇన్ని చిక్కులున్నప్పుడు బైపాస్ మాని స్టెంట్లు వేయించుకుంటే హెపారిన్ గొడవ, పంపు గొడవ రెండూ తప్పుతాయి కదా?

జవాబు: హృదయవైద్యుడు

సందేహం సహజమే, కాని ఆ దారి మీరు అనుకున్నంత తేలిక కాదు. స్టెంటు వేసేటప్పుడు కూడా హెపారిన్ ఇస్తాము. పైగా ఆ తర్వాత ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ లాంటి మరో మందును నెలల తరబడి ఆపకుండా వాడాలి. రక్తం పల్చబడటమే భయమైతే స్టెంటుతో ఆ భయం ఇంకా పొడవవుతుంది.

షుగరు ఉండి ఒకటికి మించిన నాళాల్లో పూడికలున్న 1900 మందితో జరిగిన ఫ్రీడమ్ అధ్యయనం 2012లో వచ్చింది. అయిదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే స్టెంటు గుంపులో 26.6 శాతం, బైపాస్ గుంపులో 18.7 శాతం. మరణాలు మాత్రమే చూస్తే 16.3, 10.9 శాతం. పక్షవాతం మాత్రం బైపాస్ వైపే ఎక్కువ, 5.2 శాతం. స్టెంటు వైపు 2.4. ఆ చివరి అంకెను దాచకుండా రోగికి చెప్పాలన్నది నా పట్టుదల, ఎందుకంటే పక్షవాతం వల్ల కూడా చూపు పోవచ్చు. అయినా మొత్తం మీద ఇలాంటి రోగికి బైపాసే మేలన్నది ఆ అధ్యయనం తేల్చింది. మీ సర్జన్ సలహా దానికి అనుగుణంగానే ఉంది.

ఆస్పిరిన్ గురించి రెటీనా డాక్టరుగారి మాటను నేను మా వైపు నుంచి బలపరుస్తాను. బైపాస్ తర్వాత 48 గంటల్లోపు ఆస్పిరిన్ మొదలైనవారిలో మరణాలు 1.3 శాతం, మొదలుకానివారిలో 4 శాతం అని 5065 మంది మీద జరిగిన పరిశీలన 2002లో చూపింది. చీట్లు వేసి జరిపిన పోలిక కాదు గనుక ఆ తేడా అంతా ఆస్పిరిన్‌దే అనలేము, కాని దిక్కు స్పష్టంగానే ఉంది. క్లోపిడోగ్రెల్ వాడుతుంటే దాన్ని మాత్రం ఆపరేషన్‌కు సుమారు అయిదు రోజుల ముందు ఆపుతాము, అదీ సర్జన్ చెప్పిన తేదీన.

షుగరు విషయంలో కొంచెం నిదానం కావాలి. 9.4 చూసి కంగారుపడి మూడు వారాల్లో దాన్ని మామూలుకు తేవాలని ఎవరైనా ప్రయత్నిస్తే రెటీనా జబ్బు కొన్ని నెలలపాటు ముదిరే అవకాశం ఉంది. 1993లో ఫలితాలు వచ్చిన డీసీసీటీ అధ్యయనంలో షుగరును గట్టిగా అదుపు చేసినవారిలో 13.1 శాతం మందికి మొదటి ఏడాదిలో అలా జరిగింది, మామూలు చికిత్సలో ఉన్నవారిలో 7.6 శాతం మందికి. తర్వాతి ఏళ్లలో మాత్రం గట్టి అదుపే కంటిని స్పష్టంగా కాపాడింది. సెమాగ్లుటైడ్ అనే షుగరు మందు మీద 2016లో వచ్చిన అధ్యయనంలోనూ రెటీనా సమస్యలు 3 శాతం మందికి, ఆ మందు లేనివారిలో 1.8 శాతం మందికి వచ్చాయి. ఆపరేషన్ రోజుల్లో ఇన్సులిన్ డ్రిప్‌తో షుగరును 180 లోపు ఉంచడం ఛాతీ గాయం చీము పట్టకుండా ఉండటానికి తప్పనిసరి, దాన్ని ఎవరూ వద్దనరు. ఇంటికి వచ్చాక నెలల మీద మెల్లగా తగ్గించండి. లేజర్ ముందే పడి ఉంటే ఆ తగ్గుదలను కన్ను తట్టుకుంటుంది.

చివరిగా, ఛాతీనొప్పి విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా రావడం మొదలైతే ఈ వరుస అంతా పక్కన పెట్టండి. అప్పుడు గుండె కన్ను కోసం ఆగదు.

జవాబు: అమ్మకోసం

వైద్యపరిభాష నాకు రాదు గాని, జరిగినదొకటి చెప్పాలి. మా అమ్మకు కూడా షుగరు, రెటీనా జబ్బు ఉండగానే బైపాస్ అయింది. గుండె బాగుపడింది, ఆ వైద్యులకు మేము రుణపడి ఉన్నాము. కాని ఆపరేషన్ అయిన అయిదో రోజున అమ్మ ఒక కంటి ముందు మసి రాలుతున్నట్టుంది అంది. మత్తుమందుల ప్రభావమని, నాలుగు రోజుల్లో పోతుందని వార్డులో చెప్పారు. ఆ మాట నమ్మి మూడు వారాలు ఆగాము. అప్పటికి కన్నంతా రక్తం నిండింది. కొన్ని నెలల తర్వాత విట్రెక్టమీ చేస్తే చూపు కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. అమ్మకు ఆపరేషన్‌కు ముందు లేజర్ కాలేదు, చేయించాలని మాకు చెప్పినవారు లేరు.

అందుకని ఒకటి చేయండి. నాన్నగారికి మెలకువ వచ్చి మాట్లాడగలిగిన రోజు నుంచి ఉదయం, సాయంత్రం ఒక కన్ను మూయించి రెండో కంటితో ఏదో ఒకటి చదివించండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడిన కంటిని కప్పేస్తుంది, రోగికే తెలియదు. మాకు అదే జరిగింది.

జవాబు: రెటీనావార్డు

'అమ్మకోసం' గారూ, మీరు రాసింది చదివి బాధ కలిగింది. మీరు చెప్పిన పరీక్ష మా పరికరాలన్నిటి కన్నా ముందు పనికొచ్చేది. దానికి కొద్దిగా చేరుస్తాను. మసి రాలినట్టు, సాలెగూడు వేలాడినట్టు కనిపిస్తే అది విట్రియస్‌లో రక్తం. నొప్పి లేకుండా ఒక కన్ను ఒక్కసారిగా చీకటి కమ్మినా, పైసగం గాని కిందిసగం గాని కనిపించకపోయినా రెటీనా ధమని గాని, కంటినరం గాని దెబ్బతిన్నదన్న అనుమానం. ఏ కన్ను మూసినా ఒకే పక్కన ఉన్నవి కనిపించకపోతే అది కంటి సంగతి కాదు, మెదడులో పక్షవాతం. ఈ చివరి రెండిట్లోనూ గంటలే లెక్క, రేపటి దాకా ఆగకూడదు. మొదటిది అంత అత్యవసరం కాకపోయినా మూడు వారాలు ఆగదగినది కాదు. మెలకువ రాగానే కళ్లజోడు ఇవ్వడం మరవకండి, అది లేక మసకగా కనిపించి భయపడినవారిని చాలామందిని చూశాను.

జవాబు: పెద్దమ్మాయి

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇక్కడి జవాబులు కాగితం మీద రాసుకుని వెళ్లి, ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు ఫోనులో మాట్లాడేలా చేశాము. పది నిమిషాల సంభాషణతో మా తికమక తీరింది.

కుడికంట్లో లాగే పొరలు లేవని స్కాన్‌లో తేలింది. మొదటి రోజు లేజర్ ఒక విడత చేసి అఫ్లిబెర్సెప్ట్ ఇంజక్షన్ వేశారు, ఎనిమిది రోజులకు రెండో విడత పూర్తి చేశారు. ఎడమకంటికి కూడా ఒక విడత లేజర్ చేశారు. లేజర్ బల్ల ముందు కూర్చున్నంతసేపు నాలుక కింద పెట్టుకునే మాత్ర నాన్నగారి జేబులోనే ఉంది, అవసరం రాలేదు. ఆస్పిరిన్ ఆపలేదు. కంటి రిపోర్టు నకలును గుండె ఫైలులో మొదటి పేజీగా పెట్టించాము. మెడ డాప్లర్ అంతకుముందు కాలేదు, అడిగాక చేశారు, పెద్ద పూడికలేవీ లేవు.

ఇరవయ్యో రోజున బైపాస్ అయింది. మర్నాడు సాయంత్రం గొట్టం తీశాక కళ్లజోడు పెట్టి, ముందు కుడికన్ను మూయించి, తర్వాత ఎడమకన్ను మూయించి, ఎదురుగా గోడమీది గడియారం చూపించాను. రెండుసార్లూ టైము సరిగ్గా చెప్పారు. అప్పటి నుంచి పూటపూటా అడుగుతూనే ఉన్నాను, ఇప్పటికి పద్నాలుగు రోజులు. రెండో ఇంజక్షన్ ఆపరేషన్ అయిన అయిదో వారంలో. ముందుకు వంగితే ఛాతీ ఎముక లాగుతోందని అంటున్నారు కనుక, గడ్డం ఆనించే పరికరాన్ని ఆయన నిటారుగా కూర్చునే ఎత్తుకు తెచ్చి ఉంచమని కంటి ఆసుపత్రికి ఫోను చేసి చెప్పాను.